మధ్యరేఖ దాటిన ఆక్సాన్ మళ్లీ వెనక్కి ఎందుకు రాదు?

ప్రశ్న: పిండం వెన్నుపాములో ఫ్లోర్ ప్లేట్ (మధ్యరేఖ మీద, అడుగున ఉండే కణాలు) వదిలే నెట్రిన్-1 అనే ప్రోటీన్ కమిషురల్ ఆక్సాన్లను (మధ్యరేఖ దాటి అవతలి వైపు వెళ్లే నాడీకణాల పొడవాటి పోగులను) తనవైపు లాగుతుంది కదా. మరి అవి అక్కడే ఆగిపోకుండా అవతలికి ఎలా వెళ్తాయండీ?

జవాబు 1: ఫ్లోర్ ప్లేట్ స్లిట్ అనే ప్రోటీన్‌ను కూడా వదులుతుంది, అది నెట్టేసే సంకేతం. దాటకముందు ఆక్సాన్ కొన మీద స్లిట్‌ను పట్టుకునే గ్రాహకం రోబో1 బాగా తక్కువ. దాటాక పెరుగుతుంది, ఇక వెనక్కి దారి ఉండదు. పండ్ల ఈగలో ఇది చక్కగా కనిపిస్తుంది: కామ్ అనే ప్రోటీన్ దాటకముందు రోబోను కణపొర దాకా చేరనివ్వదు. రోబో జన్యువు చెడితే ఆక్సాన్లు మధ్యరేఖను పదేపదే దాటుతూ గుండ్రంగా తిరుగుతాయి.

జవాబు 2: నెట్రిన్ ఎప్పుడూ లాగుతుందనుకోకండి. గ్రోత్ కోన్ (ఆక్సాన్ పెరిగే కొన) లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గితే అదే నెట్రిన్ నెట్టేస్తుంది. జెనోపస్ కప్ప రెటీనా ఆక్సాన్లకు డిష్‌లో లామినిన్ (కణాలు అతుక్కునే ప్రోటీన్) పూత వేసినా అంతే. ఫలితం తలకిందులైతే ముందు పూత ఏమిటో చూడండి.

ప్రశ్న అడిగినవారు: అంటే దూరం నుంచి లాగేది ఫ్లోర్ ప్లేటేనా?

జవాబు 1: పూర్తిగా కాదు. 2017లో ఎలుక పిండాల్లో ఫ్లోర్ ప్లేట్ నెట్రిన్ తీసేసినా చాలా ఆక్సాన్లు మధ్యరేఖ చేరాయి. వెంట్రిక్యులర్ జోన్ (వెన్నుపాము లోపలి కుహరం చుట్టూ ఉండే పొర) కణాలు ఇచ్చే నెట్రిన్ దారి పొడవునా దగ్గర నుంచే పనిచేస్తుంది.