పోర్చుగీసు మాట్లాడేవాళ్ళకు కెన్, మస్ట్, షుడ్: వాళ్ళ భాష మీదుగా చెప్పాలా, ఇంగ్లీషులోనే చెప్పాలా?

పాత పలక:
విశాఖలో ఉంటాను. నాలుగేళ్ళుగా ఆన్‌లైన్లో ఇంగ్లీషు చెబుతున్నాను. విద్యార్థుల్లో ఎక్కువమంది బ్రెజిల్ వాళ్ళు, వాళ్ళ భాష పోర్చుగీసు. వాళ్ళ తప్పులు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసుకోవాలని పోర్చుగీసు కూడా కొంత నేర్చుకున్నాను.

పోయిన నెల ఒకమ్మాయి క్లాసులో దిగులుగా కూర్చుంది. హోటల్ రిసెప్షన్లో పని ఆమెది. ఒక విదేశీ అతిథి టిఫిన్‌కి డబ్బులు తీయబోతే "యూ మస్ట్ నాట్ పే" అందట. టిఫిన్ గది అద్దెలోనే కలిసి ఉంది, విడిగా కట్టక్కర్లేదని ఆమె ఉద్దేశం. ఆయనకు మాత్రం కట్టకూడదని వినిపించింది. ఏదో తప్పు చేసినవాడిలా పర్సు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడట. ఆమెకు ఎవరో "తేర్ కి" అంటే మస్ట్ అని నేర్పారు. "తేర్ కి" అంటే చేయాల్సి ఉండటం. దానికి కాదు అనే మాట చేర్చాలి కాబట్టి మస్ట్ పక్కన నాట్ పెట్టేసింది.

మన "కట్టాలి"నే తీసుకోండి. దాన్ని కాదనాలంటే రెండు దారులు: కట్టకూడదు, కట్టక్కర్లేదు. పోర్చుగీసులోనూ అంతే. కూడదు అనడానికి "నౌ పోజి", అక్కర్లేదు అనడానికి "నౌ ప్రెసీజ". ఆ తేడా ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. పోర్చుగీసులో రెండు నిమిషాలు మాట్లాడితే తేలిపోయేది. కానీ నేను పనిచేసే సంస్థలో క్లాసు మొత్తం ఇంగ్లీషులోనే జరగాలని నియమం. ఈ నియమం వల్ల నేర్చుకునేవాళ్ళకు మేలు జరుగుతోందా, నష్టమా? మీరేమంటారు?

తెల్ల కాగితం:
నేను ఆ నియమం వైపే. కారణం నా బడి చదువు. మాకు "కెన్ అంటే గలను, మే అంటే వచ్చు, మస్ట్ అంటే ఆలి" అని పట్టిక రాయించి బట్టీ పట్టించారు. దాంతో "నాకు ఈత వచ్చు" అని ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే నోరు పెగిలేది కాదు. పట్టికలో "వచ్చు" ఎదురుగా మే ఉంది! నాకు కెన్ నిజంగా ఎప్పుడు వచ్చిందంటే, హాస్టల్లో పక్క గది మణిపూర్ కుర్రాడితో రోజూ ఇంగ్లీషు మాట్లాడాల్సి వచ్చినప్పుడు. మధ్యలో తెలుగు లేదు కాబట్టే వచ్చింది. మీ రిసెప్షన్ అమ్మాయిని ముంచింది కూడా అలాంటి పట్టికే కదండీ.

పాత పలక:
పట్టిక ముంచిందన్న మాట నిజమే. నేను అడిగేది మాటకు మాట పెట్టే పట్టిక కాదు. వాళ్ళ భాషలో తేడా ఎక్కడ ఉందో చూపించి, ఆ తేడాకు ఇంగ్లీషు ఏ మాట వాడుతుందో చెప్పడం.

ఇంకోటి చూడండి. నా విద్యార్థులు "ఐ విల్ కెన్ గో టుమారో" అంటారు. "హీ కెన్స్" అంటారు. "ఐ మస్ట్ టు గో" అంటారు. కెన్ అర్థానికి వాళ్ళ మాట "పొదేర్", అది వాళ్ళకు మామూలు క్రియ. నేను అయితే పోస్సు, అతను అయితే పోజి, మేము అయితే పొదేముస్. రేపు వెళ్ళగలుగుతాను అనడానికి "వో పొదేర్" అంటారు, అదే అచ్చుగుద్దినట్టు విల్ కెన్ అయి కూర్చుంటుంది. కెన్ అనేది విల్ తర్వాత రాలేని మాట, అక్కడ "బి ఏబుల్ టు" తెచ్చుకోవాలి. ఈ సంగతి వాళ్ళ భాషలో ఒక్కసారి చెబితే తలూపుతారు. ఇంగ్లీషులో చెప్పాలంటే, ఇంకా కెన్నే రాని మనిషికి వ్యాకరణం పాఠమంతా ఇంగ్లీషులో వినిపించాలి.

మన వాళ్ళు ఈ తప్పు తక్కువ చేయడం గమనించారా? నేను రావచ్చు, వాడు రావచ్చు, వాళ్ళు రావచ్చు. నేను వెళ్ళాలి, ఆమె వెళ్ళాలి. ఎవరు చేసినా మాట మారదు. మారని మాట మనకు కొత్త కాదు, వాళ్ళకు కొత్త. ఇంగ్లీషులో కూడా అది ఊరికే అలా లేదు. కెన్, మే, షల్ పాత ఇంగ్లీషులో రూపానికి భూతకాలపు మాటలు, అర్థానికి వర్తమానం. భూతకాలంలో హీ పక్కన ఎస్ రాదు కాబట్టి వీటికీ రాలేదు. ఈ కథ చెప్పాక "హీ కెన్స్" అన్న విద్యార్థి నాకు మళ్ళీ కనబడలేదు.

నైట్ షిఫ్ట్:
మాస్టారూ, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మా టీమ్‌లో సగం బ్రెజిల్‌లో, సావ్ పావ్లూలో ఉంది. మాకు ఇది వ్యాకరణం గొడవ కాదు, పని గొడవ. ఇంటర్నెట్ ప్రమాణాల్లో మస్ట్, షుడ్, మే ఏ అర్థంలో వాడాలో చెప్పడానికే 1997లో ఆర్‌ఎఫ్‌సి 2119 అని ఒక పత్రం వచ్చింది. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే బలమైన కారణం ఉంటే తప్ప చేయాల్సిందే. మే అంటే మీ ఇష్టం. మేమూ అదే పద్ధతిలో స్పెక్ (ప్రోగ్రాం ఎలా పనిచేయాలో చెప్పే పత్రం) రాశాం. అక్కడ ఒకతను తన నోట్స్‌లో మస్ట్‌కీ షుడ్‌కీ రెండింటికీ "దెవి" (పోర్చుగీసులో "చేయాలి") అనే రాసుకున్నాడు. సిఫార్సు మాత్రమే చేసిన చెక్ తప్పనిసరి అయిపోయింది. రెండు రాత్రులు టెన్షన్.

తర్వాత అతనే ఒక మంచి విషయం చెప్పాడు. బ్రెజిల్ ప్రమాణాల సంస్థ ఏబీఎన్‌టీ అంతర్జాతీయ ప్రమాణాలను పోర్చుగీసులోకి తెచ్చేటప్పుడు తప్పనిసరికి "దెవి", సిఫార్సుకు "కొన్వెం కి" అని విడదీస్తుంది. "కొన్వెం కి" అంటే ఇలా చేయడం మంచిది అని. ఆ రోజునుంచి మా నోట్స్‌లో షుడ్ పక్కన అదే రాస్తున్నాం. కాబట్టి నా ఓటు వాళ్ళ భాషకే. సరైన మాట దొరికితే చాలు.

లిస్బన్ వంటిల్లు:
తమ్ముడూ, సరైన మాట దొరకడం మీద ఒక హెచ్చరిక. నేను పదకొండేళ్ళుగా లిస్బన్‌లో ఉన్నాను, పోర్చుగీసు ఇక్కడే నేర్చుకున్నాను. బ్రెజిల్‌లో "తేర్ కి" అన్నచోట ఇక్కడ "తేర్ ద్" కూడా బాగా వినిపిస్తుంది. కాఫీ అడగాలంటే ఇక్కడ "కెరీయ" అంటారు, మాటకు మాట చెబితే "కావాలనుకునేవాణ్ణి" అని. వుడ్ లైక్ చేసే మర్యాద పని అదే చేస్తుంది. కానీ "కెరీయ అంటే వుడ్ లైక్" అని పట్టుకున్న మా పక్కింటి పెద్దావిడ, చిన్నప్పుడు డాక్టర్ కావాలనుకున్నానని ఇంగ్లీషులో చెప్పబోయి "ఐ వుడ్ లైక్ టు బి ఎ డాక్టర్" అంది. డెబ్భై ఏళ్ళ మనిషి!

అయినా పాత పలక గారి వైపే మొగ్గుతాను. "నాకు ఈత వచ్చు" అన్నదానికి వీళ్ళ దగ్గర "సేయ్ నదార్" ఉంది, అంటే ఈదడం తెలుసు. నిద్ర పట్టడం లేదు అనడానికి ఇంకో మాట, "కొన్సెగీర్", అంటే ప్రయత్నించి చేయగలగడం. ఇంగ్లీషు ఈ రెండింటినీ కెన్ అనే ఒక్క సంచిలో వేస్తుంది. రెండు మాటలున్నవాడికి ఒకటే మాట చాలని చెప్పడం తేలిక. ఆ చెప్పేది వాళ్ళ భాషలోనే చెప్పాలి, లేకపోతే "ఐ నో స్విమ్" అంటూనే ఉంటారు.

తెల్ల కాగితం:
అక్కా, మీ "కొన్సెగీర్" చదివాక నా పట్టు కొంత సడలింది. "ఎస్టర్‌డే ఐ కుడ్ ఓపెన్ ద డోర్" అని మన వాళ్ళూ అంటారు. తంటాలు పడి ఒకసారి తెరవగలిగితే అక్కడ "వాజ్ ఏబుల్ టు" గానీ "మ్యానేజ్డ్ టు" గానీ రావాలి. "కొన్సెగీ" అనిపించినచోట కుడ్ వద్దు అని చెబితే వాళ్ళకు పని అయిపోతుంది. ఇది ఒప్పుకుంటున్నాను.

కానీ చెవి సంగతి ఎవరూ ఎత్తలేదు. "ఐ కెన్ గో" అన్నప్పుడు ఆ కెన్ దాదాపు "క్న్" అయి మాయమవుతుంది. "ఐ కాంట్ గో"లో మాట నిండుగా, ఒత్తి పలుకుతుంది. చివరి ట వినిపిస్తుందా లేదా అని వెతికేవాడు దెబ్బతింటాడు, ఒత్తు వినేవాడు గట్టెక్కుతాడు. వస్తానన్నాడా రానన్నాడా అన్నదే తారుమారయ్యే చోటు ఇది. దీనికి ఏ అనువాదమూ పనికిరాదు. వంద వాక్యాలు వినిపించాలి, అనిపించాలి. క్లాసు గంటలో నలభై నిమిషాలు దీనికి వదలండి, మిగతా ఇరవై మీ పోర్చుగీసుకు తీసుకోండి.

పాత పలక:
చెవి మాట నేను మరిచిపోయిన మాట వాస్తవం. వచ్చే వారంనుంచి రికార్డింగులతో మొదలుపెడతాను.

సంస్థ వాళ్ళకు నిన్న మెయిల్ రాశాను, క్లాసు మొదటి పావుగంట పోర్చుగీసుకు అనుమతి ఇవ్వమని. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఆ అమ్మాయితో క్లాసు బయట, వాట్సాప్‌లో మాట్లాడాను. "నౌ ప్రెసీజ" అనిపించిన ప్రతిచోటా "డోంట్ హావ్ టు" అనుకోమన్నాను. ఇవాళ పొద్దున వాయిస్ మెసేజ్ పెట్టింది: "టీచర్, టుడే ఐ సెడ్, యూ డోంట్ హావ్ టు పే. షీ స్మైల్డ్."

ఒక్కటి మిగిలింది, సాయం చేయండి. బస్సు ఎనిమిదికి వస్తుందనుకుంటాను అనడానికి వాళ్ళు "దెవి"నే వాడతారు. అలసిపోయి ఉంటాడు అనడానికీ "దెవి"నే. రెండోది "హీ మస్ట్ బి టైర్డ్", బాగుంది. మొదటిది "ద బస్ మస్ట్ అరైవ్ ఎట్ ఎయిట్" అంటే బస్సుకు ఆజ్ఞ వేసినట్టుంది, షుడ్ కావాలి. ముందు జరగబోయేదానికి షుడ్, ఇప్పుడున్నదాని మీద ఊహకు మస్ట్ అని చెబుతున్నాను. ఇంతకంటే సులువుగా ఎవరైనా చెప్పారా?