పాత ఊళ్ళో ఇల్లు కొనాలంటే 30 ఏళ్ల ఈసీ చాలా? మొదటి దస్తావేజు దాకా వెళ్ళాలా?

బందరు కుర్రాడు:
బందరులో ఒక పాత పెంకుటిల్లు బేరంలో ఉంది. సుమారు 240 గజాలు, మేం కొనేది స్థలం కోసమే. అమ్మే ఆయన దగ్గర 2009 సేల్ డీడ్ ఉంది. ఆయనకి అమ్మింది ముగ్గురు అన్నదమ్ముల్లో రెండో ఆయన. 1991లో రిజిస్టరైన పంపకాల్లో ఈ ఇల్లు ఆయన వాటాకి వచ్చింది. ఆ పంపకాల దస్తావేజులో "మా కీర్తిశేషులైన తండ్రిగారు 1962లో కొన్న స్వార్జితం" అని ఒక్క ముక్క ఉంది, డాక్యుమెంటు నంబరు లేదు. బ్యాంకు లాయరు 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) చూసి లోన్‌కి ఓకే అన్నారు. మా మావయ్య మాత్రం 1962 కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

లోన్ సెక్షన్:
బ్యాంకు మాట వినండి. వాళ్ళ డబ్బు పోతుందన్న భయం వాళ్ళకీ ఉంటుంది కదా. పాత ఊళ్ళలో అన్ని కాగితాలూ ఉన్న ఇల్లు నాకొకటి చూపించండి. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఇళ్ళయితే పట్టాలే ఉండవు, తరాలుగా ఉంటున్నారంతే. మొదటి దస్తావేజు కావాలని పట్టుబడితే ఈ దేశంలో ఎవరూ ఇల్లు కొనలేరు. పైగా 12 ఏళ్లు స్వాధీనంలో ఉంటే అవతలివాళ్ళకి దావా గడువు తీరిపోయిందనడానికి లిమిటేషన్ చట్టం ఉండనే ఉంది.

పాత లేఖరి:
నేను దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఈసీ మీద అంత నమ్మకం పెట్టుకోకండి బాబూ. మీరు ఏ వివరం ఇచ్చి వెతికిస్తే దానికే అది జవాబు చెబుతుంది. పాత దస్తావేజుల్లో వార్డు నంబరు, పాత డోరు నంబరు ఉంటాయి. మునిసిపాలిటీ వాళ్ళు మధ్యలో డోరు నంబర్లు మార్చి ఉంటారు. ఇప్పటి నంబరుతో వెతికిస్తే "నిల్" అని వస్తుంది, అందరూ సంబరపడతారు. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇండెక్సులు తిరగేయించాల్సిందే.

మీ దగ్గర నంబరు లేదన్నారు కాబట్టి 1962 ఇండెక్స్ 1లో కొన్నాయన పేరుతో వెతికించండి. అది పేర్లవారీగా ఉంటుంది. ఇండెక్స్ 2 ఆస్తివారీగా. రెండూ ఎవరైనా అడిగి చూడొచ్చు, దానికి ఫీజు ఉంటుంది. నకలు చేతికొచ్చాక ముందు చూడాల్సింది చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు. తూర్పున ఫలానా వారి దొడ్డిగోడ, దక్షిణం ఉమ్మడి గోడ అని రాస్తారు. ఆ తూర్పు ఇంటివాళ్ళ పాత దస్తావేజు కూడా తీయించండి. వాళ్ళకి పడమటి హద్దుగా మీ 1962 ఆయన పేరు ఉండాలి. లేకపోతే ఆగి ఆలోచించాలి. గజాల లెక్క తప్పొచ్చు గానీ, పక్కింటివాడు తన హద్దు తప్పు రాయించుకోడు.

డాలస్ నుంచి:
ఇక్కడ టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళే పాత రికార్డులన్నీ వెతికి పాలసీ ఇస్తారు. మనకీ ప్రభుత్వమే హక్కుకి హామీ ఇస్తే ఈ తవ్వకాలుండవు.

పాత లేఖరి:
ఆంధ్రలో దానికోసమే ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023లో అమల్లోకి తెచ్చారు, 2024లో రద్దు చేశారు. ఎన్నికల్లో ఎంత గొడవైందో తెలిసిందే. ఆ చర్చ ఇక్కడ మొదలైతే ఈ కుర్రాడి ఇల్లు పక్కకి పోతుంది.

కృష్ణలంక వకీలు:
అందరూ ఏళ్లు లెక్కపెడుతున్నారు. 1962లో కొన్నాయనకి ఆడపిల్లలున్నారా? అది ఎవరూ అడగలేదు.

బందరు కుర్రాడు:
ఇద్దరున్నారట మేడం. 1991 దస్తావేజులో వాళ్ళ సంతకాల్లేవు.

లోన్ సెక్షన్:
ఇబ్బంది లేదు. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాల్ని, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణ ముట్టుకోదు.

కృష్ణలంక వకీలు:
ఆ రక్షణ ఉమ్మడి కుటుంబ ఆస్తికండీ. ఇది తండ్రి స్వార్జితమని వాళ్ళ దస్తావేజే చెబుతోంది. వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం కొడుకులతో సమానంగా కూతుళ్లకీ వాటా ఉంటుంది. దీనికి 2005 దాకా ఆగనక్కర్లేదు. తల్లి అప్పటికి బతికుంటే ఆవిడకీ ఒక వాటా.

12 ఏళ్ల మాట కూడా ఇక్కడ అంత తేలిగ్గా నిలబడదు. అన్న ఇంట్లో ఉన్నంత మాత్రాన చెల్లెలి మీద అడ్వర్స్ పొసెషన్ (ఎక్కువ కాలం స్వాధీనంతో వచ్చే హక్కు) రాదు, ఆమె హక్కుని బాహాటంగా కాదన్నట్టు రుజువు కావాలి. 2009లో కొన్నాయన ఆ వాదన ఇంకొంచెం గట్టిగా చేయగలడు, కాదనను. కానీ అది కోర్టులో, ఆయన ఖర్చుతో కాకుండా మీ ఖర్చుతో.

బ్యాంకు వాళ్ళ 30 ఏళ్ల కిటికీలోంచి 1991 కనిపించదు. ఆన్‌లైన్ ఈసీలో కనిపించినా ఎవరు సంతకం పెట్టలేదో ఈసీ చెప్పదు. అందుకే నా లెక్కలో 30 కాదు, 60 కాదు. స్వార్జితంగా కొన్న మనిషి దొరికేదాకా వెనక్కి, అక్కణ్ణుంచి వారసులందరినీ లెక్కపెట్టుకుంటూ ముందుకి. మీకు 1962 చాలు. అంతకు ముందుది నేనైతే ఒక్క కారణానికే చూస్తాను, స్థలం దేవుడిదా అని. దేవాదాయ భూమైతే కమిషనర్ అనుమతి లేని అమ్మకం 1987 చట్టం ప్రకారం చెల్లదు. 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితా, ఎలాగూ చూస్తారనుకోండి.

లోన్ సెక్షన్:
సెక్షన్ 8 సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇన్నేళ్లు మాట్లాడని ఆడపడుచులు ఇప్పుడొస్తారా?

కృష్ణలంక వకీలు:
వాళ్ళు రాకపోవచ్చు. గజం ధర పెరిగాక వాళ్ళ పిల్లలు వస్తారు. నా దగ్గరికే వస్తారు.

బందరు కుర్రాడు:
అమ్మే ఆయన్ని అడిగాను. పెద్దాయన కొడుకుల పేరిట వీలునామా రాశాడని విన్నానంటున్నాడు, కాగితం లేదు. ఈసీలో కూడా కనపడలేదు.

పాత లేఖరి:
కనపడదు. ఈసీ తీసేది ఆస్తి దస్తావేజులు ఎక్కించే బుక్ 1 అనే రిజిస్టరు నుంచి, వీలునామాలుండేది బుక్ 3లో. రాసిన మనిషి పోయాక ఎవరు దరఖాస్తు చేసినా నకలు ఇస్తారు, డెత్ సర్టిఫికెట్ జత చేయండి. కాకపోతే ఆ పుస్తకం మీరు తిరగేయడానికి లేదు, ఆఫీసువాళ్ళే వెతుకుతారు. వీలునామా రిజిస్టర్ చేయాలన్న రూలు లేదు కాబట్టి అక్కడ దొరక్కపోయినా రాయలేదని అనుకోకూడదు.

కృష్ణలంక వకీలు:
దొరక్కపోతే ఇద్దరు ఆడపడుచుల చేతా హక్కు విడుదల రాయించి రిజిస్టర్ చేయించమనండి. ఒకరు పోయి ఉంటే ఆమె వారసులందరి చేతా.

లోన్ సెక్షన్:
సంతకం అడగ్గానే వాళ్ళు వాటా అడుగుతారు, చూస్తూ ఉండండి.

పాత లేఖరి:
అడగనీ. అది అమ్మేవాడు తేల్చుకోవాల్సిన బేరం, కొనేవాడిది కాదు.

బందరు కుర్రాడు:
అడ్వాన్సు ఆపాను. ముందు బుక్ 3కి దరఖాస్తు పెడతాను. డెత్ సర్టిఫికెట్ మాత్రం ఆ అన్నదమ్ములే ఇవ్వాలి.