ముందస్తు అరెస్టులు: మీ ఇంటి ముందు పోలీసులు కూర్చున్న రోజు గురించి రాయండి

కందుకూరు రైతుబిడ్డ
భూసేకరణ విషయంలో పోయిన నెల ధర్నాకు పిలుపు ఇచ్చాం. ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకే ఇద్దరు కానిస్టేబుళ్లు మా గేటు దగ్గరికి వచ్చారు. నిలబడి ఉన్నారని అమ్మే కుర్చీలు వేసింది. నాన్న క్యాను పట్టుకుని పాలకేంద్రానికి బయలుదేరితే వెనక్కి పంపారు. కాగితం చూపించమంటే ‘పైనుంచి ఆదేశం’ అన్నారు. సాయంత్రం ఆరింటికి లేచి వెళ్లిపోయారు. ఎక్కడా ఒక్క సంతకం లేదు. రేపు ఎవరైనా అడిగితే అసలు ఆ రోజు జరగనే లేదంటారు. మీలో ఎవరికైనా కాగితం దొరికిందా?

కావలి టీచరు
నాకు చూపించారు, ఇవ్వలేదు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (వేతన సవరణ) మీద ఉద్యోగుల చలో విజయవాడ గుర్తుందిగా. ముందు రోజు రాత్రి, వెళ్లొద్దంటూ 149 సెక్షన్ నోటీసు తెచ్చి సంతకం పెట్టించుకున్నారు. నకలు అడగాలని నాకు తోచలేదు. రైలెక్కిన మా తోటి టీచరమ్మను దారిలో దింపి ఒక కల్యాణ మండపంలో కూర్చోబెట్టారు. ఆమెకు షుగరు. ఇన్సులిన్ ఉన్న సంచి వ్యానులో ఉండిపోయింది. అడగ్గా అడగ్గా మధ్యాహ్నం రెండు దాటాక తెచ్చిచ్చారు. పిల్లలకు పౌరశాస్త్రం చెప్పే మనిషి ఆమె.

ఒంగోలు వకీలు
తమ్ముడూ, పోలీసులు తమంతట తాము మనిషిని ఇంట్లో నిర్బంధించవచ్చని ఏ సెక్షనూ చెప్పదు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం (బీఎన్ఎస్ఎస్) వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి: పాత 149 ఇప్పుడు 168, పాత 151 ఇప్పుడు 170. నేరానికి సిద్ధపడుతున్నాడని తెలిసి, ఆపడానికి వేరే మార్గం లేనప్పుడే 170 కింద అరెస్టు చేయాలి. 24 గంటలు దాటి ఉంచకూడదు. శాంతియుతంగా ధర్నాకు వెళ్లడం నేరం కాదు.

అరెస్టు చేస్తే మెమో రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి. డి.కె.బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగును 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో ఆదేశించింది. కొట్టారనో, రాత్రంతా కూర్చోబెట్టారనో అంటే ఆ రికార్డింగు భద్రపరచమని వెంటనే లిఖితపూర్వకంగా అడగండి.

నీ విషయంలో ఏ ఆదేశంతో వచ్చారో సమాచార హక్కు కింద అడుగు. మనిషి స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు పోస్టులోనే ఫిర్యాదు పంపవచ్చు, ఏడాది దాటనివ్వకు. ఆ రోజు నువ్వు కదల్లేదని చూపించే కాగితం ఏ చిన్నదైనా దాచు.

కలిగిరి పెద్దమ్మ
మనవరాలితో రాయిస్తున్నాను. 1992లో మా దూబగుంట ఆడవాళ్లు సారా ఆపినప్పుడు సారా బండి వెనక పోలీసులు కాపలా వచ్చేవాళ్లు. సారా వేలం పాటలు ఆపడానికి నెల్లూరు వెళితే మమ్మల్ని వ్యాన్లలో ఎక్కించారు. నా జాకెట్టు చెయ్యి చిరిగింది, పైట కప్పుకుని కూర్చున్నాను. మరుసటి ఏడు సారా పోయింది. మమ్మల్ని ఎక్కించినట్టు మాత్రం ఏ పుస్తకంలో రాశారో నాకు ఈ రోజుకీ తెలియదు. నువ్వు రాయించుకో నాయనా.

బందోబస్తు ఇంటి మనిషి
మా అన్న కానిస్టేబులు. ఆయనకూ చేతికి కాగితం ఇవ్వరు. ఫోనులో పేర్లు వస్తాయి, వెళ్లి కూర్చోవాలి. తనకు పాఠం చెప్పిన మాస్టారి ఇంటి ముందే ఒకసారి కూర్చోవలసి వచ్చి, ఆ రోజు అన్నం తినలేదు. కింది మనిషిని తిట్టకండి. ఆదేశం ఇచ్చిన అధికారి పేరు అడగండి.

కావలి టీచరు
అన్న బాధ అర్థమైంది. కానీ ఇన్సులిన్ సంచి ఇవ్వడానికి ఏ ఆదేశం కావాలి?

కందుకూరు రైతుబిడ్డ
వకీలు గారూ, దరఖాస్తు నిన్న రిజిస్టరు పోస్టులో పంపాను. వచ్చిన కానిస్టేబుళ్ల పేర్లు రాయలేదు, ఆదేశం ఇచ్చిన అధికారి పేరు, హోదా అడిగాను. కాగితం కోసం ఇల్లంతా వెతికితే నాన్న పాల పుస్తకం దొరికింది. రోజూ రెండు పూటలా లీటర్లు, వెన్న శాతం రాసి ఉంటాయి. ఆ తేదీన రెండు గళ్లూ ఖాళీ. ఆ పేజీ జిరాక్సు తీయించి జత చేశాను.