డిప్లాయ్ అవ్వని వాళ్ళని, అంటే మిషన్ మీద బయటి దేశానికి వెళ్ళని సైనికుల్ని, వెటరన్ అనొచ్చా? నిజంగా ఏమనుకుంటున్నారో చెప్పండి

మోటార్‌పూల్_91బి:

అందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి మనసులో పెట్టుకున్నది రాస్తున్నా, కాస్త పెద్దగా ఉంటుంది.

నేను 2010లో మావ్ని ప్రోగ్రామ్‌లో అమెరికన్ ఆర్మీలో చేరాను. తెలియనివాళ్ళకి, గ్రీన్ కార్డ్ లేకపోయినా ఆర్మీకి కావాల్సిన భాషలు వచ్చినవాళ్ళని, డాక్టర్లూ నర్సులని తీసుకున్న ప్రోగ్రామ్ అది, 2016లో ఆపేశారు. బేసిక్ ట్రైనింగ్ అయ్యేసరికి సిటిజన్‌షిప్ ప్రమాణం చేయించారు. తర్వాత నాలుగేళ్ళు కాన్సస్‌లో ఫోర్ట్ రైలీ బేస్‌లో మోటార్ పూల్‌లో, అంటే ఆర్మీ బళ్ళుండే చోట, మెకానిక్‌గా చేశా. రెండో ఏడాది రాత్రిపూట ట్రైనింగ్‌లో గోతిలో పడి మోకాలు పోయింది, అప్పట్నుంచి నాన్ డిప్లాయబుల్ అని రాశారు, యూనిట్ వెళ్ళింది, నేను రియర్ డిటాచ్‌మెంట్‌లో, అంటే వెనక బేస్‌లోనే మిగిలే బృందంలో, ఉండిపోయా. హానరబుల్ డిశ్చార్జ్‌తో బయటికొచ్చా.

పోయిన నవంబర్‌లో మా వాడి స్కూల్లో వెటరన్స్ డే (మాజీ సైనికుల రోజు) ప్రోగ్రామ్ పెట్టారు. హాల్లో ఉన్న వెటరన్లందరూ ఒకసారి లేచి నిలబడండి అన్నారు. నేను లేవబోయి సగంలో కూర్చుండిపోయా. పక్కన మన తెలుగాయనే, అఫ్ఘనిస్తాన్ వెళ్ళొచ్చినాయన, ఆయన లేచి నిలబడ్డాడు. తర్వాత పార్కింగ్‌లో నా భుజం మీద చెయ్యేసి "నువ్వు లేవకపోవడమే మంచిదైంది తమ్ముడూ, ఆ మాట వెళ్ళొచ్చినవాళ్ళకి వదిలెయ్యాలి" అన్నాడు. కోపంగా అనలేదండీ, ప్రేమగానే అన్నాడు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికి వెళ్తుంటే కార్లో మా వాడు "నాన్నా, నువ్వు కూడా ఆర్మీయే కదా, ఎందుకు లేవలేదు" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

వెళ్ళనివాడు వెటరనేనా కాదా?

కాందహార్_2011:

పార్కింగ్‌లో అన్నది నేను కాదు తమ్ముడూ, కానీ నేనున్నా అదే అనేవాణ్ణి.

నీ మీద గౌరవం లేక కాదు. చట్టం ప్రకారం నువ్వు వెటరన్‌వే, నాకు తెలుసు, కాగితం మీద దాని గురించి నాకు పేచీ లేదు. కానీ మనుషులు వెటరన్ అన్న మాట విన్నప్పుడు వాళ్ళ కళ్ళ ముందు ఏం కనపడుతుంది? యుద్ధం. నన్ను ఆఫీసులో పరిచయం చేసేటప్పుడు వెటరన్ అంటారు, అవతలివాడి ముఖం మారుతుంది, ఆ ముఖం మారడానికి కారణమైనవాళ్ళు నాతో పాటు వచ్చి నాతో తిరిగి రానివాళ్ళు. ఆ గౌరవం నాది కూడా కాదు, వాళ్ళది, నేను మోస్తున్నా అంతే. అందరూ ఆ మాట వాడుకుంటే వాళ్ళకంటూ ఏం మిగులుతుంది?

ఆర్మీ కూడా తేడా చూపిస్తుంది కదా. కుడి భుజం మీద ప్యాచ్ ఎవరికి? యుద్ధంలోకి వెళ్ళొచ్చినవాళ్ళకే. యూనిఫాంలో ఉన్నప్పుడు ఎదుటివాడి కుడి భుజం చూసేవాళ్ళం, ఖాళీగా ఉంటే ఖాళీగా ఉంది అనుకునేవాళ్ళం. బయటికొచ్చాక ఆ తేడా ఎందుకు చెరిపెయ్యాలి అంటున్నా.

రూల్స్_రాజు:

చట్టం సంగతి ఒకసారి పూర్తిగా చెప్పేస్తా, తర్వాత మీరు వాదించుకోండి.

టైటిల్ 38, అంటే వెటరన్ల గురించిన ఫెడరల్ చట్టం, అందులో ఉన్న నిర్వచనంలో యుద్ధం అన్న మాటే లేదు. యాక్టివ్ మిలిటరీ సర్వీస్ చేసి ఉండాలి, డిస్‌హానరబుల్ కాని పద్ధతిలో బయటికొచ్చి ఉండాలి, అంతే. 1980 సెప్టెంబర్ 7 తర్వాత చేరినవాళ్ళకి మామూలుగా 24 నెలలు లేదా పిలిచినంత కాలం పూర్తిగా చెయ్యాలి అనేది వీఏ (వెటరన్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ) బెనిఫిట్స్‌కి ఉన్న రూలు, గాయంతో ముందే బయటికొచ్చినవాళ్ళకి మినహాయింపులున్నాయి. ఎక్కడ చేశావు అని ఎక్కడా అడగదు.

సంఘాల్లో మాత్రం రెండు రకాలూ ఉన్నాయి. వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ వాళ్ళు బయట దేశంలో శత్రుత్వం ఉన్నచోట చేసినట్టు మెడల్‌గానీ డేంజర్ పే గానీ చూపించమంటారు, కొరియాలో వరసగా 30 రోజులు డ్యూటీ చేసినా ఒప్పుకుంటారు. అమెరికన్ లీజియన్ వాళ్ళది వేరే, ఇదివరకు ఫలానా యుద్ధకాలం తేదీల మధ్య చేసినవాళ్ళకే ఉండేది, 2019 జూలైలో చట్టం మార్చి 1941 డిసెంబర్ 7 నుంచి ఇప్పటిదాకా ఒకే కాలం కింద లెక్కేశారు. అంటే కాందహార్ గారు అడిగే తేడాకి చోటు ఇప్పటికే ఉంది, దానికి కంబాట్ వెటరన్ అన్న పేరు కూడా ఉంది. వెటరన్ అన్న పెద్ద మాటని చిన్నది చెయ్యక్కర్లేదు.

లక్ష్మి_ఎస్:

నేను ఆర్మీలో చెయ్యలేదండీ, మా ఆయన చేశారు. అయినా రాయాలనిపించింది.

2007లో ఆయన బాగ్దాద్ వెళ్ళారు. అప్పుడు ఏడాది కాదు, 15 నెలలు పంపేవాళ్ళు. నాకు ఏడో నెల. ఇక్కడ మనవాళ్ళంటూ ఎవరూ లేరు, అమ్మ వీసా రాలేదు. రాత్రి రెండింటికి నొప్పులు మొదలైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక ఫ్రిజ్ మీద అంటించిన రియర్ డిటాచ్‌మెంట్ నంబర్‌కి చేశా. 20 నిమిషాల్లో ఒక సార్జెంట్, ఆయన భార్య ఇద్దరూ వచ్చారు. ఆవిడ నాతో హాస్పిటల్లో ఉండిపోయింది. ఆ సార్జెంట్ మళ్ళీ మా ఇంటికెళ్ళి, నేను పెట్టెలోంచి తియ్యకుండా వదిలేసిన బేబీ కార్ సీట్ తీసి, మోకాలితో సీటు మీద నొక్కి బెల్ట్ బిగించి, కదులుతోందేమో అని రెండు చేతులతో ఊపి చూసి మరీ తెచ్చారట. పొద్దున ఆయనే ఎవరెవరికో మెసేజ్ పంపి మా ఆయనకి కబురు అందేలా చేశారు.

ఆ సార్జెంట్ కూడా ఎక్కడికీ వెళ్ళలేదండీ, వెన్నులో ఆపరేషన్ అయింది. ఆ 15 నెలల్లో మా బ్లాక్‌లో రెండు ఇళ్ళకి చావు కబురు వచ్చింది, రెండిళ్ళల్లోనూ తర్వాత నెలల తరబడి కాగితాలూ, సామాన్లూ చూసింది ఈయనే. ఆయన్ని వెటరన్ కాదు అంటే నేను ఒప్పుకోనండీ, నాకు చట్టం తెలీదు.

కాందహార్_2011:

లక్ష్మి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివా. మా రియర్ డి వాళ్ళ గురించి నేను అంత ఆలోచించలేదు, నిజం చెప్తున్నా. అక్కడ ఉన్నప్పుడు వాళ్ళ మీద మాకు ఒక రకమైన చులకన ఉండేది.

కానీ ఒక్కటి. అందరూ ఆ సార్జెంట్ లాంటివాళ్ళు కారు. వెళ్ళకుండా తప్పించుకోవడానికి నానా తంటాలు పడినవాళ్ళని నేను చూశా. బార్లో కూర్చుని వెళ్ళనిచోటు గురించి కథలు చెప్పేవాళ్ళనీ చూశా. నా బాధ వాళ్ళతో.

డీప్_వాటర్:

అబద్ధం చెప్పేవాడు అబద్ధాలకోరు, వాణ్ణి అలాగే పిలుద్దాం. వాడి మూలంగా నోరు మూసుకుని తన పని చేసుకుపోయినవాడు ఎందుకు తల దించుకోవాలి?

నేను నేవీలో చేశా, సబ్‌మెరైన్లు. మాకు చెప్పే మొదటి పాఠం థ్రెషర్ అనే సబ్‌మెరైన్ గురించి. 1963 ఏప్రిల్ 10న మరమ్మతుల తర్వాత లోతుకి వెళ్ళి పరీక్ష చేస్తూ మునిగిపోయింది, 129 మంది, వాళ్ళలో 17 మంది సివిలియన్లు. శత్రువు లేడు, యుద్ధం లేదు. వాళ్ళు ఎక్కడికి డిప్లాయ్ అయ్యారని అడుగుతారు? 1994 మార్చిలో పోప్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో గాల్లో రెండు విమానాలు గుద్దుకుని, ఒకటి నేల మీద ఆగి ఉన్న విమానంలోకి దూసుకొచ్చి, జంప్‌కి రెడీ అవుతున్న పారాట్రూపర్లు 24 మంది పోయారు. వాళ్ళు ఉన్నది నార్త్ కరోలినాలో. ఆ రోజు బతికి బయటపడ్డవాడు ఒంటి నిండా కాలిన మచ్చలతో ఇంటికెళ్తే వాడు వెటరన్ కాదా?

అదే కువైట్‌లో ఏసీ గదిలో సప్లై డెస్క్ మీద ఏడాది కూర్చుంటే అది డిప్లాయ్‌మెంటే. ఆ పని చిన్నదని అనట్లేదు, అదీ కావాల్సిందే, కానీ ఈ గీత ప్రమాదాన్ని కొలవట్లేదు, త్యాగాన్ని కొలవట్లేదు, విమానం ఏ వైపు వెళ్ళిందో చెప్తోంది అంతే. ఆ విమానం ఎక్కించేది మనం కాదు. వియత్నాం కాలంలో యూనిఫాం వేసినవాళ్ళు 90 లక్షలకి దగ్గర, వియత్నాం వెళ్ళినవాళ్ళు 27 లక్షల చిల్లర. మిగతావాళ్ళు జర్మనీలోనో కొరియాలోనో టెక్సాస్‌లోనో ఎక్కడికి ఆర్డర్స్ వస్తే అక్కడ చేశారు, ఏ పొద్దునైనా ఆ కాగితం మారి ఉండొచ్చు. సంతకం పెట్టినరోజు అందరిదీ ఒకటే సంతకం.

ఇంకోటి, వెటరన్స్ డే చనిపోయినవాళ్ళ రోజు కాదు, దానికి మెమోరియల్ డే ఉంది. నవంబర్ 11 మొదట మొదటి ప్రపంచయుద్ధం ఆగిన రోజు, 1954లో ఐసెన్‌హోవర్ సంతకంతో పేరు మారింది, అన్ని కాలాల వాళ్ళనీ కలపడానికే. ఆ రోజు హాల్లో లేవడం ఎవరి చోటూ లాక్కోవడం కాదు.

వీకెండ్_గార్డ్:

మరి నా సంగతేంటి అన్నలూ. నేషనల్ గార్డ్‌లో, అంటే రాష్ట్రాల పార్ట్‌టైం సైన్యంలో, ఎనిమిదేళ్ళు, నెలకో వీకెండ్, ఏడాదికి రెండు వారాలు, ఒక్కసారి కూడా ఫెడరల్‌గా, అంటే కేంద్రం తరఫున, యాక్టివేట్ చెయ్యలేదు. వరదల్లో మాత్రం గవర్నర్ పిలిస్తే వెళ్ళా, నడుం లోతు నీళ్ళలో ముసలాళ్ళని మోశా.

రూల్స్_రాజు:

నీది నిజంగా చిక్కు కేసు. ట్రైనింగ్ ఒక్కటే ఉంటే టైటిల్ 38 ప్రకారం వెటరన్ హోదా రాదు, ఆ ట్రైనింగ్‌లో గాయపడి వైకల్యం వస్తే తప్ప. 20 ఏళ్ళు పూర్తి చేసి రిటైర్‌మెంట్‌కి అర్హులైతే వెటరన్ అని గౌరవించాలని 2016 డిసెంబర్‌లో చట్టం చేశారు, కానీ దానితో కొత్త బెనిఫిట్ ఏమీ రాదు, పేరు మాత్రమే. విచిత్రం ఏంటంటే ఆరేళ్ళు మంచి సర్వీస్ ఉంటే వీఏ హోమ్ లోన్‌కి నువ్వు అర్హుడివే. ఇల్లు కొనాలనుకుంటే అది చూసుకో. నా మటుకు నాకు, వరదనీళ్ళలో మనుషుల్ని మోసినవాడికి ఆ మాట ఇవ్వకపోవడం తప్పే, చట్టం అలా ఉంది.

మోటార్‌పూల్_91బి:

అందరికీ థాంక్స్. కాందహార్ అన్నా, నువ్వు నీ మాట మీద నిలబడి మరీ మర్యాదగా రాశావు, దానికి ఎక్కువ థాంక్స్.

నేను కంబాట్ వెటరన్ అని ఎప్పుడూ అనలేదు, అనను. కానీ మీరు రాసినవి చదువుతుంటే రైల్‌హెడ్ గుర్తొచ్చింది. యూనిట్ బయల్దేరే ముందు బళ్ళన్నీ రైలు మీదకి ఎక్కించేవాళ్ళం, కాన్సస్ గాలి తెలుసుగా, గ్లవ్స్ వేసుకుంటే కొక్కెం పట్టు దొరకదు, తీసేస్తే ఇనుము చేతికి అంటుకుంటుంది. ఒక్కో హమ్వీకి (ఆర్మీ జీపు లాంటి బండి) నాలుగు మూలలా చైన్ వేసి బిగించి, ఎక్కి కాలితో తొక్కి చూసేవాణ్ణి ఊగుతోందా అని. ఒక కుర్రాడు, పంతొమ్మిదేళ్ళుంటాయి, తన బండి బ్రేకులు ఇంకోసారి చూడమని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కిందకి దూరి చూశా. వాడు తిరిగొచ్చాడు. ఆ బ్రేకుల వల్ల అని నేను అనుకోవట్లేదు, కానీ వాడు తిరిగొచ్చిన రోజు ఫీల్డ్‌లో జెండాలు పట్టుకున్న కుటుంబాల వెనక నిలబడి నేనెంత ఏడ్చానో నాకు తెలుసు.

మా వాడికి ఇదే చెప్తా. వచ్చే నవంబర్‌లో లేస్తా.

లక్ష్మి_ఎస్:

లేవండి అన్నయ్యా. ఒక మాట అడగనా, ఆ మోకాలు ఇప్పుడెలా ఉంది? వీఏ చూస్తోందా?

మోటార్‌పూల్_91బి:

మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది, చలికాలం మరీ. గాయానికి పరిహారం అడిగే క్లెయిమ్ వెయ్యలేదండీ. వెళ్ళొచ్చినవాళ్ళ డబ్బు అది, మనకెందుకు అనుకున్నా.

కాందహార్_2011:

ఏంటి తమ్ముడూ ఇది. పదేళ్ళు దాటింది నువ్వు బయటికొచ్చి.

విను. సర్వీస్‌లో తగిలిన దెబ్బ అయితే చాలు, ఎక్కడ తగిలిందో వీఏకి అనవసరం. నువ్వు తీసుకున్నంత మాత్రాన నాదేమీ తగ్గదు, అది క్యూ కాదు. ముందు ఇంటెంట్ టు ఫైల్ పెట్టు, అంటే క్లెయిమ్ వేస్తానని ముందుగా తెలపడం, ఆన్‌లైన్‌లో అవుతుంది, ఆ రోజు తేదీ నీకు ఏడాది పాటు నిలబడుతుంది. తర్వాత డీడీ-214 (డిశ్చార్జ్ కాగితం), అప్పటి మెడికల్ రికార్డులు, నాన్ డిప్లాయబుల్ అని రాసిన ప్రొఫైల్ కాగితం, మోకాలు ఇప్పుడెలా ఉందో డాక్టర్ రాసినది, ఇవి పోగెయ్యి. క్లెయిమ్‌కి నింపాల్సింది ఫారం 21-526ఈజెడ్. మీ కౌంటీలో వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ ఉంటే డబ్బులు తీసుకోకుండా నింపి పెడతారు, కమిషన్ అడిగేవాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు.

ఆ రాత్రి నీతో పాటు ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళెవరైనా టచ్‌లో ఉన్నారా? ఉంటే చూసింది చూసినట్టు ఒక స్టేట్‌మెంట్ రాయించు. లేకపోతే నాకు మెసేజ్ పెట్టు, రైలీలో చేసినవాళ్ళు నాకు కొంతమంది తెలుసు, కనుక్కుంటా.