ప్రొద్దుటూరు పక్క పల్లెలో, ఇంట్లోనే ఆక్సిజన్, యాంటీబయాటిక్ సూదులు: నడుస్తుందా?

పెన్నాగట్టు:
మా నాయినకు డెబ్బై దాటినాయి. బీడీల పుణ్యాన ఊపిరితిత్తులు ఎప్పుడో చెడినాయి, సీఓపీడీ అంటారు. ఈసారి నిమ్ము చేరి కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెట్టినాం. జ్వరం తగ్గింది, ఐసీయూ నుంచి రూముకు మార్చినారు. ఇంకొన్నాళ్లు రోజుకొక సూది, రాత్రిళ్లు ఆక్సిజన్ కావాలంట. "ఇంటికి తీసకపోండి, ఇక్కడ చేసినట్టే మావాళ్లు వచ్చి చేస్తారు, ప్యాకేజీ ఉండాది" అంటాండారు. నాయిన కూడా ఇంటికి పోదామని ఒకటే పోరు. ఇంట్లో అమ్మా నేనే. కరెంటు సంగతి మీకు చెప్పాల్నా? చేయించినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

అనంత సిస్టర్:
తమ్ముడూ, అనంతపురంలో స్టాఫ్ నర్సుగా చేసి ఇప్పుడు ఇళ్లకు పోయి సూదులు వేస్తాండా. రేటు తర్వాత మాట్లాడుదువు గాని, రాత్రి రెండింటికి ఆయాసమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో ముందు అడుగు. ఫోన్ ఎత్తేది డాక్టరా, రిసెప్షన్ పిల్లోడా? మనిషి ఎంతసేపట్లో వస్తాడు? దీనికి నీళ్లు నమిలితే ఆ ప్యాకేజీ వద్దు.

అమెరికాలో 2020 నవంబరులో కరోనా వేళ మెడికేర్ (ముసలోళ్లకు అక్కడి సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) వాళ్లు 'ఇంట్లోనే ఆసుపత్రి' పద్ధతికి ఒప్పుకున్నప్పుడు పెట్టిన షరతులు చూడు: డాక్టరు స్థాయి మనిషి రోజూ పరీక్షించాల, నర్సో పారామెడికో రోజుకు రెండుసార్లు ఇంటికి రావాల, ప్రాణం మీదికొస్తే అర్ధగంటలో మనుషులు చేరాల. మన దగ్గర పేరు అదే పెడతారు, పొద్దున ఒక నర్సును పంపి చేతులు దులుపుకుంటారు.

సూదితో పెద్ద తంటా లేదు. క్యాన్యులా (సూది మందు ఎక్కించేదానికి నరంలో ఉంచే సన్న గొట్టం) దగ్గర ఎర్రబడినా, ఉబ్బినా, మందు ఎక్కేటప్పుడు మంటన్నా మార్పించు, రేపు చూద్దామంటే వినొద్దు. నాకు భయం ఆక్సిజన్‌తోనే. సీఓపీడీ వాళ్లకు వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్‌లో మామూలుగా 88 నుంచి 92 శాతం చాలు, మీ నాయినకు ఎంతో డాక్టరుతో రాయించుకో. 98 కావాలని పెంచితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి పోతారు. ఒకింట్లో నేను పోయేసరికి పెద్దాయన పిలిస్తే పలకలేదు. గోడకంటించిన చీటీలో నిమిషానికి 2 లీటర్లు, ఆక్సిజన్ మిషన్ మీద ఎంత పోతాందో చూపే గోలీ 5 దగ్గర తేలుతాంది. "అర్ధరాత్రి ఎగపోస్తాంటే పెంచినా, వెంటనే సుఖంగా పండుకున్నాడు" అన్నాడు మనవడు. 108లో తీసకపోయినాం, బతికినాడు.

కర్నూలు కరెంటోడు:
సిస్టర్ మందు చెప్పింది, నేను కరెంటు చెప్తా. 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్) 350 వాట్ల దాకా లాగుతాది. ఫ్యాన్లకని పెట్టుకున్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ మీద మూడు గంటలు నడిస్తే గొప్ప, అదీ బ్యాటరీ కొత్తదైతే. బి టైపు ఆక్సిజన్ సిలిండరు ఒకటి పక్కన ఉండాల్సిందే. నిండుగా ఉంటే 1500 లీటర్లు, నిమిషానికి 2 చొప్పున 12 గంటలు వస్తాది. స్పానర్ దాని మెడకే కట్టిపెట్టు, చీకట్లో వెతకలేవు. ఆ గదిలో దీపం, అగరొత్తులు, బీడీ ఏవీ వద్దు. బీడీ మానేసినా అని పెద్దాయన చెప్పినా జేబు తడుము!

పాలసీ రెడ్డి:
ఇన్సూరెన్స్ ఉంటే డొమిసిలియరీ క్లాజు (ఇంట్లో చేయించుకునే వైద్యానికి డబ్బిచ్చే షరతు) చదువు. రోగిని కదల్చలేకపోతేనో, ఆసుపత్రిలో బెడ్ దొరక్కపోతేనో వర్తిస్తుంది. మీకు రెండూ కుదరవు. హోమ్ కేర్ అని విడిగా ఉందేమో చూసి, డిశ్చార్జికి ముందే అనుమతి రాయించుకో.

పెన్నాగట్టు:
సిస్టరక్కా, అడిగినా. రాత్రి డాక్టరు ఫోన్లో దొరుకుతాడంట, మనిషి రావాలంటే మాత్రం కడప నుంచే. మా ఊరికి కారులో గంట పైనే. అందుకే ఊరి మాట మానుకున్నాం. ఎర్రముక్కపల్లెలో మా అక్క ఇల్లుండాది, ఆసుపత్రికి దగ్గర. అల్లుడింట్లో పడుండేదేందని నాయిన అలిగినాడు, అమ్మ చూసుకుంటాది ఆయన్ని. సిలిండరు కొనాల్నా, బాడుగకు తీసుకోవాల్నా?

కర్నూలు కరెంటోడు:
బాడుగకే. అడ్వాన్సుకు రశీదు తీసుకో. దించుకునే ముందే రెగ్యులేటర్ బిగించి గేజీలో ముల్లు చూడు, సగం ఉన్నది అంటగడతారు.