భండార్‌దరా మిణుగురుల టూర్లు ఆపేయాలా, ఉంచాలా?

రాత్రిబస్సు:
మా ఆఫీసు గ్యాంగ్ జూన్ మొదటి వారంలో మహారాష్ట్ర సహ్యాద్రి కొండల్లోని భండార్‌దరా ప్లాన్ వేసింది, నాసిక్ దాకా రైలు, అక్కణ్ణుంచి కారు, చెరువు పక్కన టెంటు, రాత్రంతా మిణుగురులు. నేను సరే అన్నా. ఈలోగా మా కజిన్ ఒకడు "మీలాంటోళ్ల వల్లే అవి లేకుండా పోతున్నాయి రా" అని గంటసేపు క్లాస్ పీకాడు. నాకైతే అర్థం కాలేదు. అవి ఉండేది చెట్ల మీద, మేం నిలబడేది కింద, పట్టుకోం, సీసాలో వేసుకోం. పైగా టూరిస్టులు వస్తేనే కదా ఆ ఊళ్లవాళ్లకి ఆ అడవి మీద నాలుగు రూపాయలు, లేదంటే చెట్లు కొట్టేసి ఏ రిసార్టో లేపుతారు. ఇందులో నష్టం ఎక్కడుందో చెప్పండి, తిట్టకుండా.

కీటకాలపిచ్చి:
మీరు నిలబడే ఆ కిందనే ఉంది అన్నా సంగతంతా. చెట్టు మీద మెరిసేది దాని బతుకుల ఆఖరి రెండు మూడు వారాలు, అంతే. అంతకుముందంతా నేలలనే. ఆడది తడి మట్టిల, నాచుల, రాలిన ఆకుల కింద గుడ్లు పెడ్తది, కొన్ని వారాలకు పిల్లపురుగు వస్తది, దానికి రెక్కలు ఉండయి, నెలల తరబడి, కొన్ని రకాలైతే ఏడాది పైన, నత్తలను వానపాములను వేటాడుకుంట బతుకుతది, మళ్ల మట్టిలనే ప్యూపా అయితది, అప్పుడు గని రెక్కలు రావు. పెద్దగైనంక చానా రకాలు తిండే తినయి, చిన్నప్పుడు తిన్నదాంతోనే నడిపిస్తయి. సహ్యాద్రిల మే నడుమ నుంచి జూన్ ఆఖరు దాకా మెరుస్తయి, గట్టివాన పట్టుకుంటే ఖతం. అంటే మీరందరు పోయేది సరిగ్గా జతకట్టి గుడ్లు పెట్టే టైముకే. చానా రకాలల్ల మగది మెరుసుకుంట ఎగురుతది, ఆడది కింద గడ్డి మీదనో పొద మీదనో కూసోని జవాబు మెరుస్తది. మన దేశంల లాంప్రిజెరా అని ఒకటుంది, దాని ఆడదానికి రెక్కలే రావు, పెద్దగైనా నేల మీద పాకుడే. మీ బూటు కింద ఏది పడ్డదో మీకు తెల్వనే తెల్వదు.

పుణెలో_పామర్రు:
శనివారం రాత్రి వెళ్లి చూడండి ఒకసారి. ఘాట్ రోడ్డు పొడుగునా కార్లే. హిర్డా (కరక్కాయ) చెట్టు ఒకటి నిండా మెరుస్తోంది, ఎవడో దాని ముందు బండి ఆపి హెడ్‌లైటు వేసే ఉంచాడు, లైటు పడ్డ వైపు కొమ్మలన్నీ ఆరిపోయాయి, వెనకవైపు మాత్రం మెరుస్తూనే ఉన్నాయి. సగం చెట్టు. జనం దాన్నే ఫోన్ ఫ్లాష్ వేసి ఫోటో తీస్తున్నారు, నల్లగా పడుతుంది, మళ్లీ తీస్తారు! ఇదంతా కల్సూబాయి హరిశ్చంద్రగఢ్ అభయారణ్యం లోపల. నా ఓటు ఆపేయడానికే.

లంకఊరు:
నాకో డౌటండీ. మాది కోనసీమ, మా ఊరికి మిణుగురుల కోసం ఒక్క టూరిస్టు కూడా రాలేదు ఇప్పటిదాకా. మరి మా దగ్గర ఎందుకు తగ్గిపోయాయి? మా చిన్నప్పుడు బోదె గట్టు మీద నడుస్తుంటే కాళ్ల చుట్టూ మెరిసేవి. ఇప్పుడు చేలో గుళికలు చల్లుతున్నాం, గట్టు మీద గడ్డికి కలుపు మందు కొడుతున్నాం, నత్తలకి విడిగా నత్తల మందు, ఊరి చివర స్తంభానికి తెల్ల ఎల్ఈడీ. నత్త చచ్చిపోయాక దాన్ని తినేది ఏం తిని బతుకుద్దండీ? మొన్న తొలకరికి కొబ్బరి మట్టలు లాగుతుంటే ఒకటి కనపడింది, నల్లగా, చదునుగా, ఒంటి మీద పెంకుల్లా వరసలు, నత్తడొప్పలో తల దూర్చేసి ఉంది, తోక దగ్గర రెండు సన్నటి చుక్కలు, ఆకుపచ్చగా, ఆరకుండా వెలుగుతున్నాయి. మా అబ్బాయి జెర్రి అనుకుని చెప్పు తీశాడు. నేనే ఆపాను. టూరిస్టుల మీద పడి ఏడవడం తేలికండీ, తిలాపాపం తలా పిడికెడు.

కీటకాలపిచ్చి:
లంకఊరు గారు, మీరు చూసింది పిల్లపురుగే. నత్తకు మత్తెక్కించి, లోపలిదంతా కరిగించి పీల్చుకుంటది. మీరు చెప్పినదాంట్ల తప్పు లేదు. 2020ల సారా లూయిస్ అనే మిణుగురుల శాస్త్రవేత్త వాళ్లు ప్రపంచంల మిణుగురుల మీద పనిచేసెటోళ్లను అడిగి బయోసైన్స్ పత్రికల రాసిన్రు, మొదటి దెబ్బ ఉండే జాగ పోవుడు, తర్వాత రాత్రి లైట్లు, పురుగుమందులు. టూరిజం వాటి తర్వాతనే. కాకపోతే ఏడాదికి పది లక్షల మంది దాకా మిణుగురులు చూడనీకె తిరుగుతున్నరని 2021ల మళ్ల వాళ్లే అంచనా వేసిన్రు. గంతమంది మిగిలిపోయిన నాలుగు జాగలనే తొక్కుతున్నరు, నా బాధ గది.

కొత్తగా_చేరా:
లైట్లదేముంది అండీ, తెల్లవి తీసేసి పసుపువి పెడితే సరి. పురుగులకి పసుపు కనపడదు కదా?

కీటకాలపిచ్చి:
దోమలకు చెప్పే ముచ్చట మిణుగురులకు పనిచెయ్యది. దాని మెరుపే పసుపుపచ్చ, కన్ను కూడ ఆ రంగుకే తయారైంది. అమెరికాల ఫోటినస్ రకం మీద చూస్తే జత వెతుక్కునే మెరుపులను పసుపు లైటే ఎక్కువ చెడగొట్టింది. ఎరుపు కొంచెం నయం, అది కూడ మసకగ, నేల వైపుకు, అవసరం ఉన్నప్పుడే.

క్లాంగ్‌లో_మనోడు:
మలేషియా నుంచి. కువాలా సెలంగోర్ దగ్గర కంపుంగ్ కువాంటన్ అనే ఊళ్లో నది ఒడ్డున బెరెంబాంగ్ అనే మడ చెట్ల మీద వేలకొద్దీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరతాయి. టెరోప్టిక్స్ టెనర్ అని ఒక రకం, మీ సహ్యాద్రిలా సీజన్ లేదు, ఏడాది పొడుగునా. మోటారు పడవ లేదు, తెడ్డు వేసే చిన్న పడవలే, ఫ్లాష్ కొడితే పడవవాడే తిడతాడు. అంటే టూరిస్టుల్ని అదుపులో పెట్టొచ్చు, అక్కడ పెట్టారు. అయినా తగ్గాయి! ఎందుకంటే పెద్దవి చెట్టు మీద ఉన్నా పిల్లలు పెరిగేది ఒడ్డున తడి నేలలో, మడ చెట్ల వెనకాల నత్తలు తింటూ. ఆ నేల పామాయిల్ తోటలకీ చెరువులకీ పోతే చెట్టు ఒక్కటి మిగిలి ఏం లాభం.

రాత్రిబస్సు బ్రో, మీ "ఊరికి డబ్బులొస్తే అడవి మిగులుతుంది" లాజిక్‌కి ఒక మాట. థాయ్‌లాండ్‌లో అంఫవా అనే చోట రాత్రిళ్లు టూరిస్టుల మోటారు పడవల గోల భరించలేక కొందరు ఊరివాళ్లు మిణుగురులు వాలే చెట్లనే నరికేశారు. డబ్బు ఒకడికి, నిద్ర చెడేది ఇంకొకడికి.

రాత్రిబస్సు:
ఓకే, అది గట్టి పాయింటే. కానీ బ్యాన్ అంటే మాత్రం ఒప్పుకోను. బ్యాన్ పెడితే దొంగచాటుగా వెళ్లేవాళ్లు వెళ్తారు, గైడు లేకుండా, టార్చీలతో. పక్కనే పురుష్‌వాడీ ఉంది, అక్కడ ఊరివాళ్లే ఇంట్లో ఉంచుకుని వాళ్లే నడిపించి తీసుకెళ్తారట. కార్లు ఊరి బయటే ఆపించి, బాట దాటనివ్వకుండా, రాత్రికి ఇంతమందే అని పెడితే కజిన్‌కీ నాకూ గొడవే ఉండదు. ఇందాక మా టెంటు వాడికి ఫోన్ చేసి కారు ఎక్కడ ఆపాలి అని అడిగా. "ఫికర్ మత్ కరో సార్, చెట్టు కిందదాకా వచ్చేస్తది, కార్లో కూర్చునే చూడొచ్చు, రాత్రి డీజే కూడా ఉంది" అన్నాడు. దాన్నే ప్లస్ పాయింటులా చెప్తున్నాడు!

పుణెలో_పామర్రు:
చూశారా. నేను చెప్పింది ఇదే.

లంకఊరు:
వాడికి అడ్వాన్స్ ఇచ్చేశారా?

రాత్రిబస్సు:
సగం ఇచ్చా. తిరిగి ఇవ్వనంటున్నాడు. పురుష్‌వాడీలో ఆ వారం ఖాళీ ఉందో లేదో కనుక్కుంటున్నా, దొరక్కపోతే గ్యాంగ్ వినేలా లేదు, వాళ్లకి డీజేనే నచ్చింది.

కీటకాలపిచ్చి:
అయితే కనీసం శనివారం కాకుండ మంగళవారం పోండ్రి. టార్చీకి ఎర్ర కాగితం రెండు మూడు మడతలు చుట్టుండ్రి, ఒక్క మడత చాలదు.