సంక్షేమంలో మోసాలు పట్టే పని ఏఐకి ఇవ్వొచ్చా? పార్లమెంటు నిఘా ఉంటే సరిపోతుందా?

గోదారిగట్టు:

యూరప్‌లో సోషల్ డెమోక్రాట్లు, గ్రీన్ పార్టీల వాళ్లు కొంతకాలంగా ఒకే మాట చెబుతున్నారు. ఏఐని ప్రజలెన్నుకున్న సంస్థల అదుపులో పెడితే అది సంక్షేమానికి పనికొస్తుందట. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం కూడా దాదాపు ఆ దారిలోదే. జనానికి మార్కులేసి వేధించే 'సోషల్ స్కోరింగ్'ని నిషేధించింది గానీ, ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులో తేల్చే ఏఐని నిషేధించలేదు. దాన్ని 'హై రిస్క్' జాబితాలో చేర్చి కొన్ని షరతులు పెట్టి వదిలేసింది.

నాకు ఆ షరతుల మీద నమ్మకం లేదు. నెదర్లాండ్స్‌లో జరిగింది చూడండి. పిల్లల డే కేర్ ఫీజులో కొంత అక్కడి ప్రభుత్వం భరిస్తుంది. ఏ దరఖాస్తులో తేడా ఉండొచ్చో చెప్పే కంప్యూటర్ మోడల్‌ని పన్నుల శాఖ 2013 నుంచి వాడింది. డచ్ పౌరసత్వం లేకపోవడం కూడా అందులో ఒక రిస్క్ అంశం. ఆ ఏళ్లలో వేలాది కుటుంబాల మీద మోసగాళ్లన్న ముద్ర వేసి, ఇచ్చిన డబ్బంతా వెనక్కి కట్టమన్నారు. అప్పుల పాలైనవాళ్లున్నారు, కాపురాలు చెడిపోయినవాళ్లున్నారు. చివరికి 2021 జనవరి 15న అప్పటి ప్రధాని మార్క్ రుటే ప్రభుత్వం రాజీనామా చేసింది.

ఇదంతా నియంతృత్వంలో జరగలేదు. పార్లమెంటు, కోర్టులు, స్వేచ్ఛగా రాసే పత్రికలు అన్నీ ఉన్న దేశంలోనే ఏళ్ల తరబడి నడిచింది. అందుకే అంటున్నా, నిఘా ఉన్నా లేకపోయినా ఇలాంటి మోడల్‌ని సంక్షేమంలోకి రానివ్వకూడదు. కాదనేవాళ్లు రండి.

లెక్కలపంతులు:

నేను కాదంటాను. మీరు నేరమంతా మోడల్ నెత్తిన వేస్తున్నారు. ఒక చిన్న కాగితం తక్కువైనా, తమ వాటా ఫీజులో కొంత కట్టినట్టు చూపించలేకపోయినా, ఏడాది సాయం మొత్తం వెనక్కి లాక్కోవాలన్నది అప్పటి చట్టానికి చెప్పుకున్న అర్థం. ఆ అర్థాన్ని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానమే 2019 అక్టోబరు దాకా సమర్థించింది. మోడల్ లేకపోతే అదే నోటీసు గుమస్తా చేత్తో రాసి పంపేవాడు.

ఇంకోటి. 2013లో బల్గేరియా ముఠాలు ఈ సాయాల పేరుతో డబ్బు కొట్టేస్తున్నాయని టీవీలో వచ్చింది. జనం మండిపడ్డారు. 'దొంగలు తింటున్నారు' అన్న అనుమానం ఒకసారి పాకితే పథకానికే ఎసరొస్తుంది. అందర్నీ తనిఖీ చేయడం కుదరదు కాబట్టి ఎవర్నో ఎంచుకోక తప్పదు. మోడల్ ఎలా ఎంచుకుందో ఆడిట్ చేయొచ్చు. గుమస్తా మనసులో ఏముందో ఎవరు ఆడిట్ చేస్తారు?

ఐండ్‌హోవెన్‌నాన్న:

నెదర్లాండ్స్‌లోనే ఉంటున్నాను, మా పాపకి ఈ సాయం తీసుకున్నాను కాబట్టి ఎలా పనిచేస్తుందో చెప్తా. ఈ ఏడాది మీ ఆదాయం ఎంత ఉంటుందో, పాప డే కేర్‌లో ఎన్ని గంటలుంటుందో ముందే అంచనా వేసి రాయాలి. ఆ అంచనా మీద నెలనెలా డబ్బు వస్తుంది. ఏడాది అయ్యాక అసలు లెక్క చూస్తారు. మధ్యలో జీతం పెరిగినా గంటలు తగ్గినా వెంటనే సైట్‌లో మార్చాలి, లేదంటే తర్వాత తిరిగి కట్టాలి. మాలాంటి ఐటీ వాళ్లకి అది పెద్ద దెబ్బ కాదు. తక్కువ జీతం, షిఫ్టులు మారే పని, ఒంటరి తల్లి అయితే ఆలోచించండి. సాయం ఎక్కువ వచ్చేదీ వాళ్లకే, తిరిగి కట్టాల్సి వస్తే మొత్తం ఎక్కువయ్యేదీ వాళ్లకే.

పంతులు గారూ, చట్టం కఠినమన్నది నిజమే. కానీ మోడల్ ఏం చేసిందో చూడండి. ఎక్కువ రిస్క్ వచ్చిన ఫైలు ఒక ఉద్యోగి ముందుకొచ్చేది. రిస్క్ ఎందుకు ఎక్కువొచ్చిందో ఆ ఉద్యోగికి చెప్పేవాళ్లు కాదు. కారణం తెలియని మనిషి దేన్ని సరిచూస్తాడు? 'మనిషి పర్యవేక్షణ' అంటే అక్కడ జరిగింది అదీ. తల్లిదండ్రులు మా ఫైలు చూపించండి అని అడిగితే పేజీలకు పేజీలు నల్ల సిరా పూసి ఇచ్చారు. కావాలనే మోసం చేశారని ముద్ర పడినవాళ్లకి వాయిదాల్లో కట్టుకునే వీలు కూడా ఇవ్వలేదు.

లెక్కలపంతులు:

సరే, మరి దాన్ని బయటికి లాగిందెవరు? ఎంపీలు పీటర్ ఒమ్ట్‌జిహ్ట్, రెన్‌స్కె లైటెన్. ట్రౌ పత్రిక, ఆర్‌టీఎల్ టీవీ విలేకరులు. ఒమ్ట్‌జిహ్ట్ అయితే అధికార కూటమి పార్టీ మనిషే. ఇది ప్రజాస్వామ్య నిఘా కాకపోతే ఇంకేంటి?

ఐండ్‌హోవెన్‌నాన్న:

రాజీనామా చేసిన రెండు నెలలకే, 2021 మార్చి 17 ఎన్నికల్లో రుటే పార్టీయే మళ్లీ మొదటి స్థానంలో వచ్చింది. ఓటర్లు ఆ లెక్క అలా చూశారు మరి. పైగా పథకం కఠినంగా నడిచిన కాలంలో సామాజిక వ్యవహారాల మంత్రి ఎవరనుకున్నారు? లేబర్ పార్టీ లోడెవైక్ ఆస్షర్. ఈ గొడవ వల్లే 2021 జనవరిలో పార్టీ నాయకత్వం వదులుకున్నాడు. 'ప్రగతిశీల పార్టీలు పట్టుకుంటే సరైపోతుంది' అనేవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

మెహదీపట్నంచాయ్:

భాయ్, యూరప్ దాకా ఎందుకు? మన తెలంగాణలో 'సమగ్ర వేదిక' ఉంది కదా. రకరకాల శాఖల డేటా కలిపి ఎవరు అర్హులో చూసే సిస్టమ్. పేరు కలిసిన వేరే మనిషి కారుని పేదింటి ఖాతాలో వేసి రేషన్ ఆపిన కేసు పత్రికల్లో వచ్చింది. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయంలో ఇంటింటికీ వెళ్లి సరిచూడమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ముందే గుమ్మం దాకా వెళ్తే కోర్టు దాకా వెళ్లే పనేముంది?

పైథాన్‌పుల్లయ్య:

నేను ఇలాంటి మోడల్స్ కట్టే పనిలోనే ఉన్నా. వచ్చినదల్లా తిట్టడం తేలికే గానీ, 'సరిగ్గా చేస్తే?' అన్న ప్రశ్నకు ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర జవాబుంది. డే కేర్ గొడవ తర్వాత ఆ నగరం పట్టుదలగా మంచి మోడల్ చేయాలని కూర్చుంది. పేరు 'స్మార్ట్ చెక్'. సామాజిక భృతికి వచ్చే దరఖాస్తుల్లో వేటిని లోతుగా చూడాలో చెప్పడం దాని పని. పౌరసత్వం, ఆడా మగా లాంటివి తీసేసి 15 అంశాలే పెట్టుకున్నారు. ఏ అంశం వల్ల స్కోరు పెరిగిందో విప్పి చూపించే రకం మోడల్ ఎంచుకున్నారు. బయటి నిపుణులతో చూపించారు. భృతి తీసుకునేవాళ్ల తరఫున నగరానికి సలహా ఇచ్చే మండలిని కూడా పిలిచి అడిగారు.

మొదటి వెర్షన్ వలసవచ్చినవాళ్లని, మగవాళ్లని ఎక్కువగా అనుమానించింది. మోడల్‌కి నేర్పడానికి వాడిన డేటాలో దేనికెంత ప్రాధాన్యమో మార్చి సరిచేశారు. 2023లో నిజం దరఖాస్తుల మీద పెట్టి చూస్తే పక్షపాతం అటు తిరిగింది: ఈసారి డచ్ పౌరుల్ని, ఆడవాళ్లని తప్పుగా పట్టుకోవడం పెరిగింది. ఉద్యోగులు ఎంచుకున్నదానికంటే మెరుగ్గా కూడా లేదు, తనిఖీకి పంపాల్సినవాళ్ల సంఖ్యా తగ్గలేదు. ఆపేశారు.

గోదారిగట్టు:

నా మాటకి ఇంతకంటే రుజువేం కావాలి? డబ్బు, నిపుణులు, మంచి ఉద్దేశం అన్నీ ఉన్న నగరానికే కుదరలేదు.

లెక్కలపంతులు:

ఆగండాగండి, నాకైతే ఇది నా వైపు రుజువు. చిన్న స్థాయిలో పరీక్షించారు, కొలిచారు, బాగోలేదని ఎన్నికైన పాలకులే ఆపారు. నిఘా పనిచేయడమంటే ఇదే.

ఐండ్‌హోవెన్‌నాన్న:

ఇద్దరూ ఒక చిన్న విషయం దాటేస్తున్నారు. భృతి తీసుకునేవాళ్ల మండలి ఈ ప్రాజెక్టు వద్దని ముందే చెప్పింది. వాళ్లది సలహా మాత్రమే కాబట్టి పని ముందుకెళ్లింది. బయటి నిపుణుల్ని, ఉద్యోగుల్ని, కౌన్సిల్‌ని దాటుకుని చివరికి పాలకులు వచ్చిన చోటు కూడా అదే.

నా గొడవంతా ఇక్కడే. 'ప్రజాస్వామ్య నిఘా' అన్నప్పుడు మన కళ్ల ముందు పార్లమెంటు కమిటీ మెదులుతుంది. 2013లో కఠినంగా ఉండమని ఒత్తిడి పెట్టింది డచ్ పార్లమెంటే. ఎక్కువమంది ఓటర్లకి ఈ భృతితో పనిలేదు, కాబట్టి దొంగల్ని పట్టమనడమే వాళ్లకి లాభం. నోటీసు అందుకునే మనిషికి రెండు ఉండాలి: కారణం రాతపూర్వకంగా తెలుసుకునే హక్కు, అప్పీలు తేలేదాకా డబ్బు ఆగకుండా ఉండే ఏర్పాటు. వాళ్ల మండలికి 'ఆపండి' అనే అధికారం కూడా ఉంటే నేను పంతులు గారి పక్షమే.

ఏఐ చట్టంలో వివరణ అడిగే హక్కు ఉంది, ప్రభుత్వ సంస్థలు హక్కుల మీద ప్రభావాన్ని ముందే అంచనా వేయాలన్న నియమం ఉంది. ఇవి 2026 ఆగస్టులో మొదలవ్వాలని మొదట రాసుకున్నారు. 2025 నవంబరులో యూరోపియన్ కమిషనే హై రిస్క్ నియమాల్ని 2027 డిసెంబరు దాకా వెనక్కి జరపొచ్చని ప్రతిపాదించింది. కంపెనీలకు టెన్షన్ తగ్గించడానికట.

లెక్కలపంతులు:

లబ్ధిదారుల మండలికి వీటో ఇస్తే పన్ను కట్టేవాళ్లు ఊరుకుంటారా? ఏ తనిఖీనీ వాళ్లు ఒప్పుకోరు. కారణం చెప్పడం, అప్పీలుదాకా డబ్బు ఆపకపోవడం వరకైతే నేను సరే.

పైథాన్‌పుల్లయ్య:

నాదొక పక్కమాట. అందరూ పట్టుకోవడం గురించే మాట్లాడుతున్నారు. అర్హత ఉండి కూడా అడగనివాళ్లు చాలామంది ఉంటారు. బెల్జియంలో 1990 చట్టంతో పెట్టిన సామాజిక భద్రతా డేటా బ్యాంకు ఉంది. దాని సాయంతో, అర్హులైన చాలా కుటుంబాలకి దరఖాస్తు లేకుండానే కరెంటు, గ్యాస్ తక్కువ ధరకి వస్తాయి. దానికి ఏఐ కూడా అక్కర్లేదు, మామూలు డేటా మ్యాచింగ్ చాలు. నా చేతిలో ఉంటే మోసం మోడల్‌కి పెట్టే బడ్జెట్ ముందు దీనికి పెడతా.

గోదారిగట్టు:

పుల్లయ్య గారూ, దానికి నా ఓటు కూడా. కానీ నెదర్లాండ్స్‌లోనే 'సిరి' అని ఇంకో సిస్టమ్ ఉండేది (ఫోన్‌లో మాట్లాడే సిరి కాదు లెండి). అదీ శాఖల డేటా కలిపేదే. పేదలుండే పేటల మీదే దాన్ని తిప్పారు. మనుషుల వ్యక్తిగత జీవిత హక్కుకి భంగమని హేగ్ జిల్లా కోర్టు 2020 ఫిబ్రవరి 5న దాని చట్టాన్ని కొట్టేసింది. ఇవ్వడానికని కలిపిన డేటా రేపు పట్టుకోవడానికి వాడరని ఏంటి హామీ? బెల్జియంలో దానికి ఏ అడ్డుకట్ట ఉందో, ఎవరు కాపలా కాస్తారో తెలిసినవాళ్లుంటే రాయండి, చదివాకే మిగతాది వాదిస్తా.